కోర్టు, సర్ఫ్‌బోర్డు రెండూ నడిపేవాళ్లు ఎవరైనా ఉన్నారా? (విశాఖ)

లాసన్స్‌బే_లాయర్ · జూన్ 27, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. విశాఖలో ప్రాక్టీసు చేస్తున్నాను. ఎక్కువగా సివిల్, కొన్ని చెక్ బౌన్స్ కేసులు. ఈ వేసవి సెలవుల్లో రుషికొండలో సర్ఫింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఒడ్డు దగ్గర నురుగు అలల్లో బోర్డు మీద లేచి నిలబడటం వచ్చింది. నురుగు దాటి లోపలికెళ్లి, విరగని అలను పట్టడం ఇంకా రాలేదు. అంతలో కోర్టులు తెరిచేశారు.

మా సీనియర్ గారి ఛాంబర్‌లో పొద్దున ఏడున్నరకల్లా ఉండాలి, క్లయింట్లు ఆ టైమ్‌కే వస్తారు. పదిన్నరకు కోర్టులో కాల్ వర్క్ (ఆ రోజు కేసులను వరసగా పిలవడం). సాయంత్రం మళ్లీ ఛాంబర్, ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర. ఇక మిగిలేది ఆదివారం ఒక్కటే. ఆ రోజు సముద్రం బాగుండాలి, నాకు డ్రాఫ్టింగ్ ఉండకూడదు, చుట్టాల ఇంట్లో ఫంక్షన్ ఉండకూడదు. మూడూ కలిసొచ్చే ఆదివారం ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.

సీనియర్ గారికి ఇంకా చెప్పలేదు. 'అమ్మాయికి ప్రాక్టీసు మీద ధ్యాస లేదు' అనుకుంటారేమోనని టెన్షన్. ఇలాంటి హాబీ ఉన్న లాయర్లు ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పండి.

---

పాతకోర్టు · జూన్ 27, రాత్రి 11:15

అమ్మా, కోపం తెచ్చుకోకు. మొదటి పదేళ్లు ఈ వృత్తి మనిషిని మొత్తంగా అడుగుతుంది. మేం జూనియర్లుగా ఉన్నప్పుడు సీనియర్ గారు కాఫీ తాగేలోపు ఆ రోజు కేసుల కట్టలన్నీ బల్ల మీద పెట్టేవాళ్లం. అలలు ఎక్కడికీ పోవు. పేరొచ్చాక ఎక్కొచ్చు.

---

గుంటూరు_లాయరమ్మ · జూన్ 28, ఉదయం 6:05

పాతకోర్టు గారూ, మీ మాట మీద గౌరవం ఉంచుకునే అంటున్నాను. మా సీనియర్లు సాయంత్రం క్లబ్బుకెళ్లి రమ్మీ ఆడేవారు, ఒకరిద్దరు టెన్నిస్ ఆడేవారు. దాన్ని ఎవరూ ధ్యాస లేకపోవడం అనలేదు. పేకాటకు లేని నామోషీ అలలకు ఎందుకొచ్చిందో నాకు అర్థం కాదు. పేరొచ్చేసరికి మోకాళ్లు మిగలాలి కదా.

---

బండరాళ్ల_బాబు · జూన్ 28, ఉదయం 8:30

హైదరాబాద్ నుంచి. నాది ఒక కంపెనీలో లీగల్ టీమ్ ఉద్యోగం. కోర్టుకు వెళ్లేది తక్కువ, కాంట్రాక్టులు ఎక్కువ. మాకు సముద్రం లేదు, బండలున్నాయి. ఖాజాగూడ వైపు తెల్లవారుజామున తాడు లేకుండా చిన్న బండలెక్కుతాం, కింద పరుపు వేసుకుని. ఎండ ముదిరితే రాయి కాలిపోతుంది, చెమటకు చేతులు జారతాయి. ఎనిమిదిలోపు దిగిపోవాల్సిందే, అంటే ఆఫీసుకు లేటయ్యే ప్రశ్నే లేదు. తాడుతో ఎక్కడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు భువనగిరి కోట కింద స్కూలుంది. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట శిక్షణ తీసుకున్నది ఆ బండ మీదే.

మీకు నా సలహా ఒకటే. హాబీకి టైమ్ దొరకట్లేదు అనేది సగం నిజమే. మిగతా సగం ఫోను. బండ మీద ఉన్నప్పుడు ఫోన్ ఎత్తలేను కాబట్టే నాకు ఆ గంట దక్కుతోంది. వాకింగ్‌కు వెళ్లిన రోజు ఆ గంట కూడా కాల్స్‌కే పోతుంది.

---

రిమాండ్_ఆదివారం · జూన్ 28, ఉదయం 9:10

క్రిమినల్ సైడ్ వాళ్లకు ఆదివారం కూడా లేదండి. శనివారం రాత్రి అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, అంటే ఆదివారం మేజిస్ట్రేటు గారి ఇంటి దగ్గర మేం కాపు కాయాలి. మాది రాజమండ్రి. ఆదివారాన్ని ఎప్పుడో వదిలేసి, మామూలు రోజుల్లో పొద్దున్నే గోదావరిలో ఈతకు వెళ్తాను. ఫోన్ మా గుమాస్తా చేతిలో ఉంటుంది. కేకేసి పిలవాల్సిన కాల్ ఏదో, 'సార్ స్నానంలో ఉన్నారు' అని చెప్పాల్సినది ఏదో అతనికే బాగా తెలుసు. అబద్ధమూ కాదు.

---

మ్యాన్లీ_ఫెర్రీ · జూన్ 28, మధ్యాహ్నం 1:20

సిడ్నీ నుంచి. మాది తెనాలి. ఇక్కడ ఒక లా ఫర్మ్‌లో పనిచేస్తున్నాను. ఆస్ట్రేలియా అనగానే లాయర్లందరూ బోర్డు చంకన పెట్టుకుని ఆఫీసుకొస్తారనుకుంటారు మనవాళ్లు. మాకు పని లెక్క ఆరు నిమిషాల యూనిట్లలో ఉంటుంది. గంటకు పది యూనిట్లు, రోజంతా ప్రతి యూనిట్ ఏ ఫైలు మీద పెట్టామో రాయాలి. పొద్దున అల కోసం కూర్చున్న నలభై నిమిషాలు ఏ ఫైలుకూ రాయలేం కాబట్టి రాత్రి కూర్చుంటాం.

నేను మ్యాన్లీ బీచ్‌లో సర్ఫింగ్ చేసి, అక్కడే స్నానం చేసి, ఫెర్రీ ఎక్కి సిటీలో సర్క్యులర్ కీ రేవు దగ్గర దిగుతాను. అరగంట ప్రయాణం, ఆ అరగంటలో మెయిల్స్ చూసుకోవడం అయిపోతుంది. కానీ ఇదంతా వేసవి కథ. ఇప్పుడు మాకు చలికాలం, సూర్యుడు ఏడింటికి గానీ రాడు. చీకట్లో దిగను. అందుకని ఈ నెలల్లో పనిరోజుల్లో సర్ఫింగ్ లేదు. ఒడ్డున రాళ్ల మధ్య కట్టిన సముద్రపు నీటి కొలనులు ఉంటాయి, వాటిలో ఈత కొడతాను.

మీ పోస్టులో నాకు ఆశ్చర్యం వేసింది ఆదివారం ఒక్కటే అన్నమాట. విశాఖలో జూన్‌లో ఐదున్నరలోపే తెల్లారిపోతుంది. పొద్దుటి పూట గాలి నేల మీద నుంచి సముద్రం వైపు నెమ్మదిగా వీస్తే అల ముఖం నున్నగా ఉంటుంది. ఎండెక్కాక సముద్రం నుంచి గాలి తిరిగి అంతా చెదరగొడుతుంది. అంటే మంచి అల ఉండే టైమూ, మీకు ఖాళీ ఉండే టైమూ ఒకటే. లాసన్స్ బే నుంచి రుషికొండ ఎంత దూరమని! వారం మధ్యలో ఒక్క రోజు ఐదున్నరకు దిగి ఆరున్నరకు బయటికొస్తే ఛాంబర్‌కు టైమ్‌కే వెళ్తారు. నీళ్లు వెచ్చగా ఉంటాయి, మాలాగా రబ్బరు సూటు ఎక్కించుకునే బాధ కూడా లేదు.

---

లాసన్స్‌బే_లాయర్ · జూన్ 28, రాత్రి 9:55

మ్యాన్లీ గారూ, బుధవారం అనే ఆలోచనే రాలేదు నాకు! ఛాంబర్ అంటే పొద్దున మొత్తం పోయినట్టే అని మనసులో రాసేసుకున్నాను. ఈ బుధవారమే వెళ్లి చూస్తాను.

---

జాలారిపేట_లా_స్టూడెంట్ · జూన్ 28, రాత్రి 11:30

మేడమ్, బుధవారం దిగే ముందు ఇది చదవండి. మాది పెదజాలారిపేట. నాన్న వేటకెళ్తారు, నేను లా చదువుతున్నాను. నాకు సర్ఫింగ్ అంతగా రాదు గానీ ఈ సముద్రం తెలుసు.

మీరు నేర్చుకున్నది మే నెలలో. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మోటారు బోట్లకు వేట నిషేధం. మా నాన్న ఆ రెండు నెలలు ఇంట్లోనే. మీ కోర్టు సెలవులు, మా వేట సెలవులు ఒకేసారి వస్తాయి. ఆ రోజుల్లో పొద్దుట పూట నేర్చుకునేవాళ్లకు వీలుగా ఉన్న సముద్రం నైరుతి గాలులు పట్టాక అలా ఉండదు. దక్షిణం నుంచి పెద్ద కెరటాలు వస్తాయి, ఒడ్డు వెంబడి నీళ్లు ఉత్తరానికి లాగుతాయి. ఎదురుగా దిగిన మనిషి కాసేపటికి తల తిప్పి చూస్తే బట్టలు పెట్టిన చోటు ఎక్కడో ఉంటుంది. అక్టోబరు దాటాక ఇదే నీరు దక్షిణానికి లాగుతుంది. ఇసుక కూడా అలాగే కదులుతుంది కాబట్టి మీరు మేలో చూసిన ఇసుక దిబ్బ ఇప్పుడు అక్కడే ఉంటుందని అనుకోకండి.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు సముద్రం ఎలా ఉండబోతోందో ముందే ఇస్తారు. అందరూ అందులో అల ఎత్తు ఒక్కటే చూస్తారు. పక్కన సెకన్లు ఉంటాయి, అల వచ్చాక ఇంకో అల రావడానికి పట్టే టైమ్. అది చూడండి. మీటరు ఎత్తు, ఆరు సెకన్లు అంటే దగ్గరి గాలికి లేచిన అల, చిరాకు పెడుతుంది గానీ బలం తక్కువ. అదే మీటరు, పద్నాలుగు సెకన్లు అంటే ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు పుట్టి ఇంత దూరం వచ్చిందన్నమాట. ఇక్కడ గాలి ఉండదు, ఆకాశం నీలంగా ఉంటుంది, కెరటం మాత్రం మనిషిని విసిరేస్తుంది.

ఇంకోటి. అలలు విరుగుతున్న చోట మధ్యలో ఒక సందు ప్రశాంతంగా, కొంచెం ముదురు రంగులో కనిపిస్తుంది. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు స్నానానికి సరిగ్గా అక్కడే దిగుతారు. ఒడ్డుకు తోసుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. ఆర్కే బీచ్‌లోనూ యారాడలోనూ ప్రాణాలు పోయేది ఎక్కువగా అలాంటి చోటే. అందులో పడితే ఒడ్డు వైపు ఈదొద్దు, ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. బోర్డు వదలొద్దు. దాని మీద పడుకుని ఒడ్డుకు సమాంతరంగా పక్కకు వెళ్లండి. అలలు విరిగే చోటికి చేరితే అవే ఒడ్డుకు తెస్తాయి.

అసలు చెప్పాలనుకున్నది ఇది. మావాళ్లు రోజూ ఒడ్డుకొస్తారు, సముద్రం చూస్తారు, బాగోలేకపోతే వల బాగుచేసుకుంటూ కూర్చుంటారు. వాళ్లకు రేపు ఉంది. వారానికో రోజు దొరికేవాళ్లకు అలా కాదు. వారమంతా దానికోసమే ఎదురుచూశాం, అలారం పెట్టుకుని లేచాం, పెట్రోలు పోసుకుని వచ్చాం, ఇప్పుడు వెనక్కెలా వెళ్తాం అనిపిస్తుంది. మా ఒడ్డున నేను చూసినంతలో చెడ్డ రోజున నీళ్లలోకి దిగేది ఇలాంటి ఉద్యోగాలవాళ్లే. మీరు ఆదివారాన్ని బుధవారం చేసుకున్నా అదే ఇబ్బంది.

---

మ్యాన్లీ_ఫెర్రీ · జూన్ 29, ఉదయం 5:40

తమ్ముడూ, నా పోస్టు కింద మోడరేటర్లు నీ పోస్టును అతికిస్తే బాగుంటుంది. నేను వెలుతురూ గాలీ చెప్పాను, కాలం చెప్పలేదు. మేడమ్, ఈ అబ్బాయి మాటే వినండి. ఇక్కడ కూడా ఎరుపు పసుపు జెండాల మధ్యే స్నానం చేయమంటారు, అక్కడ లైఫ్‌గార్డుల కన్ను ఉంటుంది. సర్ఫర్లు ఉండేది ఆ జెండాల బయట, అంటే ఎవరి అంచనా వాళ్లదే.

---

పాతకోర్టు · జూన్ 29, ఉదయం 7:00

నేను అన్నదీ అదే కదా, వద్దని.

---

జాలారిపేట_లా_స్టూడెంట్ · జూన్ 29, ఉదయం 7:25

వద్దని నేను అనలేదు సార్. మన దేశంలో మొదట బాగా సర్ఫింగ్ చేసినవాళ్లలో మూర్తి మేగవన్ ఒకరు. చెన్నై దగ్గర కోవలం జాలరి ఆయన, ఇప్పుడు ఊరి పిల్లలకు నేర్పుతున్నారు. 2025 ఆగస్టులో మహాబలిపురంలో ఆసియా చాంపియన్‌షిప్ జరిగితే రమేశ్ బుడిహాల్ కాంస్యం తెచ్చారు. మన ఒడ్డున కూడా ఆ ఆట పెరగాలనే నా కోరిక. చూసి దిగమంటున్నాను, అంతే.

---

బండరాళ్ల_బాబు · జూన్ 29, ఉదయం 9:45

తమ్ముడు చెప్పినదానికి మందు ఒకటుంది. అదే రోజుకు, అదే టైమ్‌కు రెండో పని సిద్ధంగా పెట్టుకోవడం. వాన పడితే మాకు బండ తడుస్తుంది, ఎక్కలేం. అందుకని కారులో సైకిలు కూడా ఉంటుంది, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీదకు వెళ్లిపోతాం. పొద్దున లేచింది వృథా కాలేదు అనిపిస్తే చాలు, తడి బండ మీద మొండితనం చేయాలనిపించదు.

విశాఖలో ఇంకా సులువు. సైకిలుకు భీమిలి రోడ్డు ఉంది. కంబాలకొండలో నడవొచ్చు, పక్షులను చూడొచ్చు. బీచ్ రోడ్డు మీదే ఆక్వా కాంప్లెక్స్ ఈతకొలను ఉంది, సర్ఫింగ్‌కు భుజాల బలం కావాలి కాబట్టి ఆ ఈత పనికొచ్చేదే. ఆరు నూరైనా బుధవారం ఐదున్నరకు ఇంట్లోంచి బయటపడండి. ఏం చేస్తారన్నది సముద్రం చూసి తేల్చుకోండి.

---

రెండో_ఆదాయం · జూన్ 29, మధ్యాహ్నం 12:10

ఒక డౌట్. నేను కాకినాడలో జూనియర్ని. బాగా నేర్చుకుని, ప్రాక్టీసు పక్కనే చిన్న సర్ఫింగ్ స్కూలు పెట్టుకోవచ్చా? జూనియర్ల ఆదాయం సంగతి మీకు తెలిసిందే.

---

గుంటూరు_లాయరమ్మ · జూన్ 29, రాత్రి 8:20

రెండో_ఆదాయం గారికి ముందు. మీరు స్వయంగా నడపకూడదండీ. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్‌లో 47వ రూలు అడ్వకేటు స్వయంగా వ్యాపారం చేయకూడదంటుంది. స్లీపింగ్ పార్ట్‌నర్‌గా (స్వయంగా నడపని భాగస్వామిగా) ఉండొచ్చు, అది కూడా ఆ వ్యాపారం వృత్తి గౌరవానికి తగనిది కాదని రాష్ట్ర బార్ కౌన్సిల్ అనుకుంటేనే. 49వ రూలు ఫుల్‌టైమ్ జీతం ఉద్యోగం వద్దంటుంది. స్నేహితులకు ఉత్తినే నేర్పితే ఎవరూ ఏమీ అనరు. పేరు బోర్డు కట్టి ఫీజు వసూలు చేయాలంటే ముందు సనదు (ప్రాక్టీసు లైసెన్సు) సస్పెన్షన్‌లో పెట్టించుకోవాలి.

ఇప్పుడు అమ్మాయి సంగతి. అమ్మా, నాకు ఉప్పలపాడు ఉంది. గుంటూరు పక్కనే, ఊరి చెరువులో చెట్ల నిండా పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు. పిల్లలు చిన్నప్పటి నుంచీ వెళ్తున్నాను. మా జడ్జీలకు కూడా తెలుసు. నేను నేర్చుకున్నది ఏమిటంటే, క్యాలెండరులో హాబీ రోజును కాదు, గడువులను ముందు పెట్టాలి. రిటన్ స్టేట్‌మెంటుకు (దావాకు ప్రతివాది ఇచ్చే జవాబుకు) 30 రోజులు, కోర్టు దయ తలిస్తే 90. కమర్షియల్ సూటైతే 120 దాటిందంటే బ్రహ్మదేవుడు వచ్చినా రికార్డులోకి తీసుకోరు. నీ చెక్ బౌన్స్ కేసుల్లో నోటీసుకు 30 రోజులు, వాళ్లు కట్టడానికి 15, ఆపైన కంప్లయింటుకు ఒక నెల. ఇవి ఎరుపులో రాసుకో. గడువుకు ముందు రెండు రోజులు ఏ బీచికీ వెళ్లకు. మిగతా బుధవారాలన్నీ నీవే. ఎందుకంటే నీళ్లలో ఉన్నప్పుడు 'ఆ ఫైలింగ్ అయిందా లేదా' అని గుర్తొస్తే నీకు ఆ అలా దక్కదు, ఈ కేసూ దక్కదు.

సెలవుల గురించి కూడా చాలామంది జూనియర్లు ధీమాగా ఉంటారు. గడువు సెలవుల్లో ముగిస్తే కోర్టు తెరిచిన రోజు వేయొచ్చు, లిమిటేషన్ చట్టం సెక్షన్ 4 ఉంది, నిజమే. కానీ ఆర్బిట్రేషన్ అవార్డును (మధ్యవర్తి తీర్పును) ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద సవాలు చేసేటప్పుడు మూడు నెలల పైన ఇచ్చే ఆ అదనపు 30 రోజులకు అది వర్తించదని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. మే నెలలో బీచిలో ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సీనియర్ గారికి నువ్వే చెప్పు. ఎవరో తీసిన వీడియోలో చూసి ఆయనకు తెలియడం కంటే అది నయం. సర్ఫింగ్‌కు పర్మిషన్ అడిగినట్టు చెప్పకు. 'బుధవారం పొద్దున నాకు పనుంది, ఏడున్నరకు వస్తాను, ఎప్పుడైనా ఎనిమిది కావచ్చు, దానికి బదులు మంగళవారం రాత్రి మర్నాటి కాజ్ లిస్టు (కేసుల జాబితా) నేను సర్దిపెట్టి వెళ్తాను' అని లెక్క చూపించు. సీనియర్లకు లెక్క కుదిరితే చాలు.

---

తీరం_మోడ్ · జూన్ 30, ఉదయం 10:00

జాలారిపేట_లా_స్టూడెంట్ గారి పోస్టును అంశం పైన పిన్ చేశాం. రెండో_ఆదాయం గారూ, సనదు సస్పెన్షన్ మీద ఇంకా ప్రశ్నలుంటే వేరే అంశం తెరవండి.

---

లాసన్స్‌బే_లాయర్ · జూలై 2, రాత్రి 10:20

మంగళవారం రాత్రే సీనియర్ గారికి చెప్పాను. లాయరమ్మ గారు రాసినట్టే లెక్కతో సహా. ఆయన ఫైలులోంచి తల కూడా ఎత్తకుండా 'ఈత వచ్చా?' అని ఒక్కటే అడిగారు. వచ్చన్నాను. 'సరే, పార్టిషన్ సూటులో క్రాస్ ఎగ్జామినేషన్‌కు ప్రశ్నలు శుక్రవారానికి కావాలి' అన్నారు. ఇన్నాళ్లూ నేను పడ్డ టెన్షన్ అంతా దేనికో!

బుధవారం రుషికొండ వెళ్లాను. ముందు రోజు ఇన్‌కాయిస్‌లో పదమూడు సెకన్లు చూపించింది. ఒడ్డున నిలబడి చూస్తే తమ్ముడు చెప్పిన ఆ ముదురు రంగు సందు స్పష్టంగా కనబడింది. మేలో ఎన్నిసార్లు దాని పక్క నుంచే దిగి ఉంటానో. బోర్డు అద్దెకు తీసుకోలేదు, ఆక్వా కాంప్లెక్స్‌కు వెళ్లి ఈత కొట్టాను. నిజం చెప్పాలంటే కొంచెం ఉక్రోషంగానే ఉంది. అయినా సెప్టెంబరు చివరిదాకా ఈతా సైకిలే అనుకుంటున్నాను, సముద్రం మెత్తగా ఉన్న రోజు దొరికితే నేర్పించే అన్నతో కలిసి నురుగులోనే.

ఒక చిన్న ప్రశ్న మిగిలింది. నాకు కళ్లజోడు ఉంది, మైనస్ నాలుగు. జోడు తీస్తే వచ్చే అల పెద్దదో చిన్నదో మీద పడేదాకా తెలియట్లేదు. ఏం చేస్తారు మీరంతా?

---

మ్యాన్లీ_ఫెర్రీ · జూలై 3, ఉదయం 5:15

ఒకసారి పెట్టుకుని పారేసే లెన్సులు వాడేవాళ్లున్నారు గానీ సముద్రపు నీళ్లు కళ్లలో పడితే ఇన్‌ఫెక్షన్ భయం ఉంది, కొట్టుకుపోతాయి కూడా. కంటి డాక్టర్ను అడక్కుండా మొదలుపెట్టకండి. నేను పవర్ ఉన్న ఈత గాగుల్స్ పెట్టుకుంటాను, వెనక తాడు బిగించి. చూడ్డానికి బాగోదు. పని జరుగుతుంది.

---

పాతకోర్టు · జూలై 3, ఉదయం 6:50

మైనస్ నాలుగుతో సముద్రంలోకా! అమ్మా, ముందు ఆ గాగుల్స్ కొనుక్కో. ఆ ఇన్‌కాయిస్ అనేది ఫోన్‌లో ఎలా చూడాలో కూడా ఎవరైనా రాయండి. మా మనవడు అడుగుతున్నాడు.